ఇల్లు మారునప్పుడు వీడియో గేము సామాను సర్దుకొను విధము



ఇల్లు మారుట మన కుటుంబములకు క్రొత్త కాదు. ఉద్యోగము వేలూరులో, బంధువులు గుడియాత్తంలో, పిల్లల చదువు కొరకు కాట్పాడి వైపు అద్దె యిల్లు. ఇట్లు మూటలు కట్టుచు, విప్పుచు వచ్చినవారమే. బిందెలు, బీరువా, కుట్టుమిషను ఎట్లు కట్టవలెనో మన పెద్దలకు తెలియును. అయితే ఇప్పుడు అనేక ఇండ్లలో టీవీ ప్రక్కన ప్లేస్టేషను, ఎక్స్‌బాక్సు, నింటెండో స్విచ్ వంటి యంత్రములున్నవి. వీటిని సర్దుట పెద్దలకు తెలియదు, పిల్లలకు ఓపిక యుండదు.

ప్లేస్టేషను 5 మన దేశములో 2021 ఫిబ్రవరి 2న అమ్మకమునకు వచ్చినప్పుడు, డిస్కు వేయు రకము ధర 49,990 రూపాయలు. ఆటబొమ్మయే గదా అని బియ్యపు మూటల నడుమ పడవేయదగిన వస్తువు కాదు. అంతకంటె గమనింపవలసినది మరియొకటి గలదు. యంత్రమును కష్టపడి మరల కొనవచ్చును గాని, పిల్లలు నెలల తరబడి ఆడి అందులో దాచుకొన్న ఆటను ఏ అంగడిలోను కొనలేము. కనుక మొదట దాచిన ఆట, తరువాత యంత్రము, ఆ తరువాత పెట్టె. ఈ క్రమములోనే నేర్చుకొందము.

1. దాచిన ఆటను కాపాడుట

ఇంటర్నెట్టు కనెక్షను తీసివేయక ముందే ఈ పని ముగింపవలెను. ప్లేస్టేషను 4లో దాచిన ఆటలను పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొనవచ్చును. ప్లేస్టేషను ప్లస్ చందా కట్టువారు కంపెనీవారి క్లౌడులోనికి పంపుకొనవచ్చును. ఎక్స్‌బాక్సు ఇంటర్నెట్టుకు కలిపియున్న యెడల తానే పంపుకొనును. స్విచ్ విషయములో అనేకులు పొరబడుదురు. ఆట కార్డులోగాని, మెమరీ కార్డులోగాని దాచిన ఆట ఉండదు. అది యంత్రములోనే యుండును. కార్డులు జేబులో భద్రముగా నున్నవి గదా అని యంత్రమును అశ్రద్ధ చేయరాదు.

2. ఆర్పుట, విడదీయుట

ముందుగా లోపలి డిస్కును బయటికి తీసి దాని డబ్బాలో పెట్టవలెను. లోపలనే విడిచిన యెడల దారి కుదుపులకు డిస్కు గీసుకొనిపోవచ్చును, లేదా ఇరుక్కొనవచ్చును. తరువాత యంత్రమును పూర్తిగా ఆర్పవలెను. ప్లేస్టేషనులో నారింజరంగు దీపము కనబడుచున్న యెడల అది నిద్రించుచున్నదేగాని ఆరలేదు. అట్టి సమయమున ప్లగ్గు లాగిన యెడల లోపలి సమాచారము చెడిపోవచ్చును. ప్లేస్టేషను 4లో తిరుగు హార్డుడిస్కు ఉన్నది గనుక దీపము ఆరువరకు దానిని కదల్చరాదు.

వైర్లు తీయకముందు వెనుకభాగమును సెల్‌ఫోనులో ఫోటో తీసికొనుడి. ప్రతి వైరును విడిగా చుట్టి, పేరు వ్రాసిన చీటీ కట్టుడి. టీవీకి కలుపు హెచ్.డి.ఎం.ఐ. వైరును యంత్రమునకే ఉంచి పెట్టెలో కుక్కిన యెడల ఆ రంధ్రము వంగిపోవును. స్టాండు మర వంటి చిన్న వస్తువులకు ఖాళీ అగ్గిపెట్టె చాలును. అగ్గిపెట్టెలు చేయు గుడియాత్తంలో వాటికేమి కొదువ!

3. చుట్టుట

యంత్రము చల్లారిన తరువాతనే చుట్టవలెను. అది వచ్చిన అట్టపెట్టె ఉన్న యెడల అదియే శ్రేష్ఠము. లేనియెడల మెత్తని పాత నూలు లుంగీతో చుట్టి, దానిపైన బుడగల ప్లాస్టికు కాగితము చుట్టి, యంత్రము కదలకుండ గట్టి పెట్టెలో పెట్టుడి. థర్మోకోలును నేరుగా ఆనించిన యెడల దాని పొడి గాలిరంధ్రములలో చేరును. చేతితో పట్టుకొను కంట్రోలర్లను బటన్లు నొక్కుకొనకుండ విడిగా చుట్టవలెను. పెట్టెమీద "పైన బరువు పెట్టరాదు" అని తెలుగులోను తమిళములోను వ్రాయుడి. మోయువారు చదువవలెను గదా.

4. బండిలో

ఇచ్చట కుట్టియానై అని పిలుచు టాటా ఏస్ బండిలో సామాను వెళ్లినను, ఈ పెట్టెను మాత్రము మీ వెంట తీసికొని వెళ్లుట మేలు. పళ్లికొండ మీదుగా గుడియాత్తం చేరుటకు సుమారు 35 కిలోమీటర్లే. అయినను మే నెలలో వేలూరు ఎండ 40 డిగ్రీలు దాటును. ఎండలో నిలిపి మూసియుంచిన కారు లోపల వేడి బయటికంటె 20 డిగ్రీల వరకు హెచ్చగును. కంట్రోలర్లలోను స్విచ్‌లోను లిథియం బ్యాటరీలుండును. వాటికి అట్టి వేడి హాని. ఇన్వర్టరు బ్యాటరీ ప్రక్కన ఈ పెట్టెను ఉంచరాదు, ఆసిడు ఒలుకవచ్చును. టీవీని పడుకోబెట్టక నిలువుగానే తీసికొని వెళ్లుడి.

5. క్రొత్త యింటిలో

చేరిన వెంటనే స్విచ్చు వేయవద్దు. వానలోగాని, ఏసీ బండిలోగాని వచ్చిన యంత్రములో చెమ్మ పట్టియుండవచ్చును. రెండు గంటలు విప్పియుంచి, తరువాత కలుపుడి. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మనకు వానకాలము. 2021 నవంబరులో కౌండిన్య నది పొంగి గుడియాత్తంలో ఇండ్లలోనికి నీరు వచ్చినది. కనుక క్రింది అంతస్తులో దిగువారు ఈ పెట్టెను నేలమీద విడువక, అటకమీదగాని బల్లమీదగాని ఉంచవలెను.

ఒక మాట. ఈ పనిని పిల్లలచేతనే చేయించి, పెద్దలు ప్రక్కన నుండుడి. పాత స్నేహితులను, పాత వీధిని విడిచి వచ్చు పిల్లవానికి తనదైన వస్తువు ఒకటి చెక్కుచెదరక చేరుట చిన్న సంగతి కాదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ ఇంటి యంత్రములో దాచిన ఆట ఎక్కడ ఉన్నది?
2. ఆరిన యంత్రమునకు, నిద్రించు యంత్రమునకు భేదమెట్లు తెలిసికొందురు?
3. చేరిన వెంటనే స్విచ్చు ఎందుకు వేయరాదు?