పెళ్లి కోసమైతే మారొద్దు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. రెంటచింతల సంబంధం గురించి మీ నాన్న ముందే ఫోన్ చేసి చెప్పాడు. పిల్లవాడు నెమ్మదస్తుడని, కట్నం మాటే ఎత్తలేదని సంబరపడ్డాడు. చివర్లో మాత్రం గొంతు తగ్గించి, "వాళ్లు ఆర్‌సీఎం కథోలికులు అన్నయ్యా, పెళ్లికి ముందే పిల్ల మారాలంటున్నారు" అన్నాడు. నువ్వేమో "నువ్వూ మారినవాడివే కదా పెదనాన్నా, ఏమేం చెయ్యాలో చెప్పు" అని రాశావు.

ఏమేం చెయ్యాలో చెబుతాను. దానికంటే ముందు నీకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ అబ్బాయిని చేసుకోవడానికి నువ్వు మారనక్కర్లేదు. కథోలిక శ్రీసభ చట్టంలో అలాంటి షరతే లేదు. నువ్వు లూథరన్ గుడిలో తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం పొందినదానివి. అలాంటి అమ్మాయిని కథోలిక అబ్బాయి చేసుకోవాలంటే పీఠాధిపతి అనుమతి కావాలి. విచారణ గురువు దగ్గర అర్జీ పెడితే ఆయనే దాన్ని గుంటూరు పీఠానికి పంపిస్తాడు. తన విశ్వాసం వదలనని, పుట్టే పిల్లలకు కథోలిక గుడిలో జ్ఞానస్నానం ఇప్పించడానికి తన చేతనైనంతా చేస్తానని అబ్బాయి మాట ఇవ్వాలి. ఆ మాట ఇచ్చినట్టు నీకు తెలియజేస్తారు. నీ చేత ఏ ప్రమాణమూ చేయించరు. అలా జరిగిన పెళ్లిని శ్రీసభ దేవద్రవ్యానుమానంగానే, అంటే పవిత్ర సంస్కారంగానే ఎంచుతుంది, కాస్త కూడా తక్కువ చేసి చూడదు. పిల్లల సంగతి మాత్రం మీరిద్దరూ ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. అది పెళ్లయ్యాక చూసుకునేది కాదు.

వాళ్ల ఇంట్లోవాళ్లకు ఈ సంగతి తెలియకపోయి ఉండొచ్చు. ఊరంతా కానుకమాత గుడికి వెళ్తుంటే కోడలొక్కతే వేరే గుడికి వెళ్లడం నామోషీ అనుకుని ఉండొచ్చు కూడా. వాళ్ల మీద కోపం వద్దు. కానీ వాళ్ల నామోషీ కోసం నువ్వు దేవుడి ముందు నిలబడి, నమ్మనిదాన్ని నమ్ముతున్నానని చెప్పకూడదు. చేర్చుకునేటప్పుడు నీ నోటితో చెప్పించే మాట అదే: పవిత్ర కథోలిక శ్రీసభ బోధించేదంతా దేవుడు బయలుపరచిందని నమ్ముతున్నాను అని. అబద్ధంతో మొదలయ్యే కాపురం నాకు భయం.

ఇక నా సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను. మన ఇల్లు గురజాల లూథరన్ ఇల్లు. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర 1842లో గుంటూరు వచ్చి, 1849లో గురజాలకు మకాం మార్చాడు. జ్వరాల పల్నాడులో, ఎవరూ మనుషులుగా చూడని మన పెద్దల పక్కన కూర్చుని వాళ్లకు అక్షరం, వాక్యం ఇచ్చాడు. మీ తాతకు చదువొచ్చిందంటే, మనం ఈ ఉత్తరాలు రాసుకుంటున్నామంటే ఆ పుణ్యమే. కథోలికుడినయ్యాక కూడా ఆయన్ను తలుచుకోని రోజు లేదు.

నన్ను కథోలిక గుడి వైపు నడిపించింది ఎవరనుకున్నావు? లూథరే. మీ తాత మాకు చిన్నప్పుడే లూథరు చిన్న ప్రశ్నోత్తరి కంఠతా పట్టించాడు. 1529లో రాసిన ఆ పుస్తకంలో ప్రభురాత్రి భోజనం గురించి ఆయన చెప్పింది సూటిగా ఉంటుంది. అక్కడ ఉన్నది క్రీస్తు నిజమైన శరీరం, నిజమైన రక్తం. అదే ఏడాది మార్బుర్గులో మరో సంస్కర్త జ్వింగ్లీ రొట్టె గుర్తు మాత్రమేనని వాదిస్తే లూథరు ఒక్క అంగుళం తగ్గలేదు. ఆ నమ్మకం నాలో బాగా పాతుకుపోయింది. టీచర్ ఉద్యోగంలో చేరాక ప్రశ్న మొదలైంది: ఇది నిజంగా ప్రభువు శరీరమే అయితే, దీన్ని ఎవరు, ఏ అధికారంతో ఎత్తి పట్టుకుంటున్నారు? అపొస్తలుల దగ్గర నుంచి ఆ అధికారం ఎవరి చేతుల మీదుగా వచ్చింది?

ఫిరంగిపురంలో ఒక ఫాదర్ నాకు పాత పుస్తకాలు చదవనిచ్చారు. వాటిలో అంతియోకు ఇగ్నాతియుసు ఉత్తరాలు ఉన్నాయి. రెండో శతాబ్దం తొలి రోజుల్లో, మృగాలకు వెయ్యడానికి రోముకు తీసుకుపోతుంటే దారిలో రాసినవి. సత్ప్రసాదం, అంటే ప్రభు భోజనం, క్రీస్తు శరీరమేనని ఒప్పుకోనివాళ్లకు దూరంగా ఉండమంటాడు. పీఠాధిపతి గానీ ఆయన అప్పగించినవాడు గానీ చేసిందే సరైన సత్ప్రసాదం అంటాడు. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. తొలి తరాల సంఘం ఇలా ఉండేదా అని మళ్లీ మళ్లీ తిరగేశాను.

జపమాల దగ్గర చాలా కాలం ఆగిపోయాను. మరియమ్మకు మొక్కడం విగ్రహారాధనే అని మన పాస్టర్లు చెప్పగా విని పెరిగినవాణ్ణి. అక్కడా లూథరే దారి చూపాడు. 1521లో మరియ కీర్తనకు ఆయన రాసిన వ్యాఖ్యానంలో ఆమెను ఎంత ప్రేమగా తలుచుకుంటాడో చూశాక, ఆమెను గౌరవిస్తే ప్రభువుకు తక్కువైపోతుందన్న భయం పోయింది. ఇక విశ్వాసం వల్ల, కృప వల్ల రక్షణ అన్న మన మూలస్తంభం సంగతంటావా, 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బుర్గులో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక శ్రీసభ కలిసి సంతకాలు చేశాయి. ఆ విషయంలో మూలసత్యం మీద ఇద్దరిదీ ఒకే మాట అని. మన ఊళ్లలో ఇంకా ఒకరినొకరు నరకానికి పంపించుకునేవాళ్లకు ఆ కాగితం ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు.

నాకు మిగిలినవన్నీ సంతోషాలే అనుకోకు. నేను మారాక మా అమ్మ పక్కన మోకరించి ప్రభు భోజనం తీసుకోలేకపోయాను. కథోలికుడు లూథరన్ బల్ల దగ్గర తీసుకోకూడదు. ఆమె కథోలిక గుడిలో తీసుకోకూడదు. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్తే ఆరాధనలో ఆమె లేచి ముందుకు వెళ్లేది, నేను బెంచీలోనే ఉండిపోయేవాణ్ణి. ఆమె వెనక్కి తిరిగి చూసేది. 2016లో స్వీడన్‌లోని లుండ్‌లో పోపు ఫ్రాన్సిస్, లూథరన్ పెద్దలు ఇచ్చిన ప్రకటనలో ఈ బాధ గురించే, జీవితమంతా పంచుకుని బల్ల పంచుకోలేని కుటుంబాల గురించే రాశారు. నువ్వు మారితే ఆ బెంచీలో కూర్చునేది నువ్వు, ముందుకు నడిచేది మీ నాన్న. అది తెలిసి రావాలి.

ఇంకోటి. మన సంబంధం మనవాళ్లతోనే కాబట్టి ఇంట్లో కులం గొడవ ఉండదు. గుడిలో ఉంటుంది. పల్నాడు కథోలికుల్లో పద్దెనిమిదో శతాబ్దపు జెస్యూట్ స్వాముల కాలం నుంచి వస్తున్న రెడ్ల, కమ్మల ఇళ్లున్నాయి, మన ఇళ్లూ ఉన్నాయి. ఒకే పూజలో మోకరిస్తారు. పెత్తనాల దగ్గర, పెళ్లిళ్ల దగ్గర ఎవరి వీధి వాళ్లదే. 2022 ఆగస్టులో మన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు కార్డినల్ అయ్యారు, దళితుల్లో మొదటి కార్డినల్. ఆ రోజు నేను ఏడ్చాను. అయినా ఊళ్లో మారాల్సింది చాలా ఉంది. కులం లేని గుడి దొరుకుతుందనుకుని వచ్చేట్టయితే రావొద్దు. కుల సర్టిఫికెట్ గురించి అడిగావు. అందులో తేడా ఏమీ రాదు, లూథరన్ అయినా కథోలిక్ అయినా బీసీ-సీనే.

ఇవన్నీ విన్నాక కూడా సత్ప్రసాదం నిన్ను పిలుస్తోందంటే, అప్పుడు రా. తొందర లేదు. ఇంగ్లండులో ఆంగ్లికన్ గురువు న్యూమన్‌గారు ఎన్నో ఏళ్లు చదివి, మథనపడి, 44 ఏళ్ల వయసులో, 1845లో కథోలిక శ్రీసభలో చేరారు. పెళ్లయ్యాక పదేళ్లకు చేరినా నిన్నెవరూ కాదనరు. చేరేటప్పుడు మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వరు, అది ఒక్కసారే. ఎవరైనా మళ్లీ ఇస్తామంటే ఒప్పుకోకు, నా దగ్గరికి పంపు. కొన్నాళ్లు ఉపదేశం ఉంటుంది. పాపసంకీర్తనం చేస్తావు, విశ్వాస ప్రకటన చేస్తావు, భద్రమైన అభ్యంగనం, సత్ప్రసాదం ఇస్తారు.

ఈలోపు మన గురజాల గుడి నుంచి నీ బాప్తిస్మం సర్టిఫికెట్ తెచ్చుకో. పెళ్లి అనుమతికైనా, చేరికకైనా అది కావాలి. మీ పాస్టరుగారి దగ్గరికి నువ్వే వెళ్లి, ఎందుకు కావాలో దాచకుండా చెప్పి అడుగు. అబ్బాయిని, వాళ్ల నాన్నగారిని ఒక ఆదివారం నరసరావుపేట రమ్మను. షరతు సంగతి వాళ్లతో నేను మాట్లాడతాను. మీ నాన్నను కూడా తీసుకురా.

మీ పెదనాన్న
నరసరావుపేట