పాటకు ఒక అర్ర

ఒక ఊరిలో ఎనిమిది మంది ఆడవాళ్ళు కలిసి పాటల జట్టు పెట్టుకున్నారు. ఇద్దరు డప్పు కొడతారు. ఒకామె డోలక్ వాయిస్తుంది. ఒకామె హార్మోనియం పట్టింది. మిగిలిన నలుగురు తాళాలు వేస్తూ పాడతారు. బతుకమ్మ పండుగకు, సంఘం మీటింగులకు వీళ్ళను పిలుస్తారు.

జట్టులో ఒక పెద్దమ్మ ఉంది. ఆమెకు తిరగలి పాటలు వచ్చు. ఇప్పుడు పిండి గిర్నీలో పడుతున్నది. తిరగలి మూలకు పడింది. పాటలు ఆమె నోట్లోనే మిగిలాయి. "నేను పోతే ఇవి కూడా నాతోనే పోతాయి బిడ్డా" అని ఆమె ఒకరోజు అన్నది. అప్పటినుంచి అందరికీ ఒకటే ఆలోచన. ఆ పాటలు నేర్చుకోవాలి. ఫోనులో రికార్డు చేసి పెట్టాలి.

కాని సాధన ఎక్కడ చేయాలి? ఇన్నాళ్ళూ వసారాలో కూర్చున్నారు. పక్కింటి కోడలు బాలింత. ఆమె గోడ దగ్గరికి వచ్చి, "వదినె, పసిపిల్ల పండుకుంటలేదు. జర మెల్లగ కొట్టరాదు" అన్నది. డప్పు కొట్టే ఇద్దరికీ కోపం వచ్చింది. "మెల్లగ కొడితే అది డప్పు ఎట్ల అయితది?" అన్నారు. పెద్దమ్మ మాత్రం, "ఆమె చెప్పింది నిజమే కదా. మనం ఎరగమా బాలింత కష్టం?" అన్నది.

చివరికి ఒకామె తన ఇంటి వెనుక అర్ర ఇస్తానన్నది. అది వడ్ల బస్తాలు వేసే అర్ర. పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు, ఎత్తు 9 అడుగులు. ఒక తలుపు, ఒక కిటికీ. ఒక పొడుగు గోడకు అవతలే బాలింత ఇల్లు. ఈ అర్రను పాటకు పనికివచ్చేటట్టు ఎలా చేసుకోవాలి?

చప్పుడు ఎలా పోతుంది?

డప్పు మీద నాలుగు బియ్యపు గింజలు వేయండి. పుల్లతో కొట్టండి. గింజలు ఎగురుతాయి. ఎందుకంటే తోలు వణుకుతుంది. తోలు వణికితే చుట్టూ ఉన్న గాలి వణుకుతుంది. ఆ వణుకు మన చెవిని తాకితే అదే చప్పుడు.

గాలి దూరే సందులన్నిటిలో చప్పుడు కూడా దూరుతుంది. తలుపు కింద వేలెడు సందు ఉన్నా చాలు, పాట బయటికి పోతుంది. కాబట్టి మొదటి పని సందులు మూయటం. తలుపు కింద పాత చీరను చుట్టగా చుట్టి పెట్టవచ్చు. కిటికీ రెక్కల సందుల్లో గుడ్డ పేలికలు దూర్చవచ్చు. దీనికి పెద్ద ఖర్చు లేదు.

రెండోది గోడ బరువు. మందమైన మట్టి గోడ చప్పుడును బాగా ఆపుతుంది. రేకు గోడ, తడిక గోడ ఆపవు. సన్నని తాళాల చప్పుడు గోడ దగ్గర తగ్గిపోతుంది. డప్పు 'ధమ్' మాత్రం గోడను దాటుతుంది. ఎంత చేసినా అది కొంత వినిపిస్తుంది. అందుకే ఆ జట్టు వడ్ల బస్తాలు బయట పడేయలేదు. బాలింత ఇంటి వైపు గోడకు ఆనించి పేర్చింది. డప్పులను ఎదుటి గోడ వైపు కూర్చోబెట్టింది.

మారుమోత వేరు

ఖాళీ అర్రలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు గోడలకు తగిలి తిరిగి వస్తుంది. బావిలోకి కేక వేస్తే తిరిగి వినిపించినట్టు ఉంటుంది. దీన్ని మారుమోత అంటారు. మారుమోత ఉంటే పాట మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎవరి తాళం తప్పిందో తెలియదు. రికార్డు చేస్తే ఇంకా అధ్వానంగా వినిపిస్తుంది.

నున్నని గట్టి గోడ చప్పుడును తిప్పి కొడుతుంది. మెత్తని వస్తువు చప్పుడును పీల్చుకుంటుంది. బొంతలు, పరుపులు, గోనె సంచులు, దండెం మీద బట్టలు అన్నీ పీల్చుకునేవే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బొంత కడితే చప్పుడు బయటికి పోదనుకుంటారు. అది సరి కాదు. బొంత అర్ర లోపలి మారుమోతను తగ్గిస్తుంది. బయటికి పోయే చప్పుడును ఆపేది బరువైన గోడ, మూసిన సందు. కోడిగుడ్ల అట్టలు గోడకు అంటిస్తే చప్పుడు ఆగుతుందని కూడా కొందరు చెబుతారు. ఆగదు. పైగా ఆ అట్టలు తొందరగా అంటుకుంటాయి. దుమ్ము, బొద్దింకలు చేరతాయి.

ఎన్ని బొంతలు కావాలో లెక్క చూద్దాం. పొడుగు గోడ 12 అడుగులు, ఎత్తు 9 అడుగులు.
12 × 9 = 108 చదరపు అడుగులు.
ఒక బొంత 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు అనుకుందాం.
6 × 4 = 24 చదరపు అడుగులు.
రెండు బొంతలు కడితే 48 చదరపు అడుగులు. అంటే గోడలో సగానికి కొంచెం తక్కువ. మొదలు పెట్టటానికి ఇది చాలు. గోడ మొత్తం కప్పనక్కరలేదు. మరీ ఎక్కువ కప్పితే పాట మూగబోయినట్టు ఉంటుంది. బొంతను గోడకు అతికించకండి. పిడికెడు ఎడం ఉంచి తాడు మీద వేయండి. ఇంకా బాగా పీల్చుకుంటుంది. మళ్ళీ చప్పట్లు కొట్టి చూడండి. తేడా మీ చెవికే తెలుస్తుంది.

నిప్పు, కరెంటు, గాలి

డప్పును మంట దగ్గర కాచి బిగువు చేస్తారు. ఈ పని అర్రలో చేయకూడదు. బొంతలు, గోనె సంచులు ఉన్న చోట ఒక్క నిప్పురవ్వ చాలు. వాకిట్లో కాచాలి. మంట పూర్తిగా ఆర్పి లోపలికి రావాలి. అర్రలో బీడీ, అగరుబత్తి, కిరోసిన్ దీపం వద్దు.

మైకు, స్పీకరు పెట్టుకుంటే మూడు పిన్నుల ప్లగ్గు వాడాలి. ఎర్తు ఉన్నదో లేదో కరెంటు పని తెలిసినవాళ్ళతో చూపించాలి. ఒకే బోర్డుకు నాలుగైదు వైర్లు తగిలించకూడదు. వైర్లు బొంతలకు తగలకూడదు. తడి చేతులతో మైకు పట్టుకోవద్దు. మైకును స్పీకరుకు ఎదురుగా పెడితే కీచుమని అరుస్తుంది. మైకును స్పీకరు వెనక్కి జరపండి, అరుపు తగ్గుతుంది.

సందులన్నీ మూసిన అర్రలో ఎనిమిది మంది కూర్చుంటే ఉక్కపోస్తుంది, తల తిరుగుతుంది. అరగంటకు ఒకసారి ఆపాలి. తలుపు, కిటికీ తెరవాలి. నీళ్ళు తాగాలి.

చెవుల సంగతి కూడా ఉంది. చప్పుడును డెసిబెల్లలో కొలుస్తారు. 85 డెసిబెల్ల చప్పుడులో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని ఆరోగ్య నిపుణుల లెక్క. అది 88 అయితే 4 గంటలే. డప్పు దగ్గర చప్పుడు ఇంతకంటే చాలా ఎక్కువ. చిన్న అర్రలో ఇంకా ఎక్కువ. సాధన అయ్యాక చెవుల్లో గుయ్‌మంటే అది హెచ్చరిక. చెవిలో దూది పెట్టుకుంటే పెద్దగా లాభం లేదు. మందుల దుకాణంలో చెవి బిరడాలు అడగవచ్చు. దెబ్బలు నేర్చుకునే రోజుల్లో డప్పు అవసరమే లేదు. మడత పెట్టిన గోనె సంచి మీద కొట్టి నేర్చుకోవచ్చు. వరస వచ్చాక డప్పు పట్టవచ్చు. డప్పు ఆడవాళ్ళు మొదట దీనికి నవ్వారు. వారం తరువాత ఇద్దరి దెబ్బా ఒకటైంది.

వేళ కుదుర్చుకోవటం

ఇంత చేసినా 'ధమ్' దాటుతుంది కదా. దానికి బొంత లేదు, మాటే ఉంది. హార్మోనియం ఆమె బాలింత దగ్గరికి వెళ్ళింది. "పాప ఏ వేళకు పండుకుంటది?" అని అడిగింది. సాయంత్రం నాలుగు గంటలకు పాపకు నీళ్ళు పోస్తారు, అప్పుడు మేలుకునే ఉంటుంది. ఆ వేళ గంటసేపు డప్పు కొట్టాలని ఒప్పుకున్నారు. మిగతా వేళ గొంతు, తాళాలు మాత్రమే.

దీనికి చట్టం కూడా ఉంది. 2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం శబ్ద కాలుష్య నియమాలు తెచ్చింది. ఇళ్ళు ఉన్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు. అయినా పక్కింటితో పొత్తు ఉన్నచోట చట్టం దాకా పోయే పని పడదు.

రికార్డు చేసే రోజు

మన దేశంలో మొదటి మాటల సినిమా 'ఆలం ఆరా' 1931లో వచ్చింది. బొంబాయిలో ఆ స్టూడియో పక్కనే రైళ్ళు తిరిగేవి. ఆ మోత పడకుండా రాత్రివేళ షూటింగు చేశారు. అంటే మన చుట్టూ ఎప్పుడు సద్దు తక్కువో చూసుకోవాలి. పల్లెలో గిర్నీ ఉంటుంది, బోరు మోటారు ఉంటుంది, బర్రె ఉంటుంది. రేకుల కప్పు మీద వాన పడితే రికార్డు సంగతి మరచిపోవాలి.

ఫ్యాను ఆపండి. ఫోనులో విమానం బొమ్మ ఉన్న గుర్తు నొక్కండి, కాల్స్ రావు. ఫోనును నేల మీద పెట్టకండి, డప్పు అదురు ఎక్కుతుంది. స్టూలు మీద మడత పెట్టిన తువ్వాలు వేసి దాని మీద పెట్టండి. పాడే మనిషి మూరెడు దూరంలో ఉండాలి. హార్మోనియం ఆమె వెనుక. డప్పులు అర్ర ఆ చివర. ఎవరి చప్పుడు పెద్దదో వాళ్ళు అంత దూరం. ముందు ఒక నిమిషం రికార్డు చేసి వినండి. మాటలు తేటగా లేకపోతే జరగండి, మళ్ళీ వినండి.

పెద్దమ్మ పాటకు డప్పు వద్దనుకున్నారు. తిరగలినే అర్రలోకి తెచ్చారు. మొదటిసారి ఆమె ఫోనును చూసి బిగుసుకుపోయింది. పాట సగంలో ఆగింది. "దాన్ని చూడకు పెద్దమ్మా, పిండి చూడు" అన్నది డోలక్ ఆమె. గుప్పెడు జొన్నలు వేశారు. తిరగలి తిరిగింది, పాట దానంతట అదే వచ్చింది. ఎవరూ తాళం వేయలేదు. పాట అయ్యాక కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు కూడా.

రికార్డు మొదట్లో తేదీ, ఊరు, పాడిన మనిషి పేరు చెప్పాలి. ఇంకో ఫోనులోనో మెమరీ కార్డులోనో నకలు పెట్టాలి. ఫోను నీళ్ళలో పడితే పాట మళ్ళీ రాదు. పాటను ఇతరులకు పంపే ముందు పాడినవాళ్ళను అడగాలి. పెద్దమ్మను అడిగితే, "పంపండి. కాని మా అమ్మ దగ్గర నేర్చుకున్నానని అందులో చెప్పండి" అన్నది. అది కూడా ఆమె గొంతుతోనే రికార్డు చేశారు. తరువాత నలుగురు కూర్చుని, ఆపి ఆపి వింటూ, పాటను నోటు పుస్తకంలో రాసుకున్నారు. మూడు మాటల అర్థం ఎవరికీ తెలియలేదు. వాటి కింద గీత గీసి పెద్దమ్మ దగ్గరికి పోయారు.

చేసి చూడండి

మీ ఇంట్లో ఒక అర్ర పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి రాయండి. ఒక గోడ ఎన్ని చదరపు అడుగులో లెక్క కట్టండి. ఖాళీ అర్రలో ఒకసారి, బట్టలు వేలాడదీసి ఒకసారి చప్పట్లు కొట్టి వినండి. మీ ఊరిలో తిరగలి పాటలు, నాటు పాటలు వచ్చినవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు, పాటల పేర్లు ఒక కాగితం మీద రాయండి.