ఓవల్ మైదానం ఇరువైపులా

పిల్లలూ! ముంబైలోని ఓవల్ మైదానంలో నిలబడి చూద్దాం రండి. తూర్పున హైకోర్టు, రాజాబాయి గడియార గోపురం ఉన్నాయి. 1878లో పూర్తయిన ఈ రాతి కట్టడాలకు కోసైన శిఖరాలు, కమానులు ఉంటాయి.

ఇప్పుడు పడమటికి తిరగండి. అటువైపు మేడలు 1930ల నుండి కట్టినవి. సముద్రాన్ని పూడ్చిన నేలపై లేచినవి. ఇనుప కడ్డీలు, సిమెంటు కాంక్రీటు వాడడం వల్ల బాల్కనీలను గుండ్రంగా మలచడం తేలికైంది. కిటికీలపై పొడవాటి సన్‌షేడ్లు చూశారా? అవి అందానికే కాదు. ఎండను ఆపుతాయి, వాన జల్లును అడ్డుకుంటాయి.

ఉత్తరంగా నడిస్తే ఈరోస్ సినిమా హాలు వస్తుంది. సొహ్రాబ్‌జీ భేద్వార్ రూపకల్పన చేసిన ఈ హాలు 1938లో ప్రారంభమైంది.

2018లో యునెస్కో ఈ రెండు వరుసలనూ కలిపి ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఒక వరుసను పాడుచేస్తే కాలం ఎలా మారిందో చెప్పే సాక్ష్యం పోతుంది.

ఇంత నగరాన్ని కట్టిన చేతులు ఎవరివి? ఆ కూలీలలో తెలుగువారూ ఉన్నారు. వారిని కామాఠీలు అనేవారు. కామాఠీపురాకు ఆ పేరు వారి వల్లనే వచ్చింది.

అభ్యాసం: మీ వీధిలోని ఒక పాత ఇంటిని పరిశీలించండి. ఎండావానల నుండి కాపాడే ఏర్పాట్లు ఏమున్నాయో ఐదు వాక్యాలలో రాయండి.