డాక్టర్ సీటు రాకపోయినా కంటి వైద్యంలో చోటుంది

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో నీట్ కోచింగ్ తీసుకుని సీటు రాని బైపీసీ పిల్లలు ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్‌లో కూర్చుంటారు, లేదా దొరికిన డిగ్రీలో చేరిపోతారు. సైదాబాద్, ఎల్బీనగర్ పక్క ఇన్ని కంటి ఆసుపత్రులు, కళ్లద్దాల షాపులు కనిపిస్తున్నా, వాటిలో డాక్టరు కాక ఇంకెవరు పనిచేస్తారో వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ.

ముందు చూడాల్సింది ఆప్టోమెట్రీ. డిగ్రీకి కొన్నేళ్లు పడుతుంది, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. రెటినోస్కోప్ వెలుగు కంటిపాపలో ఎటు కదులుతోందో చూసి పవర్ అంచనా వేయాలి. ట్రయల్ ఫ్రేమ్‌లో అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని విసుగులేకుండా అడగాలి. ఓపిక లేనివాళ్లకు ఈ పని నప్పదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆప్టోమెట్రిస్టులనూ తన పరిధిలోకి తెచ్చింది. అన్నేళ్లు ఆగలేని ఇళ్ల పిల్లలకు ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో విజన్ టెక్నీషియన్ శిక్షణ ఉంది: ఇంటర్ తర్వాత ఏడాది, ఆపైన ఊళ్లలోని విజన్ సెంటర్లలో పని. ఎక్కడ చేరినా, రోజూ పేషెంట్లను చూసే అవకాశం లేని కాలేజీకి మాత్రం ఫీజు కట్టకండి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఆ తర్వాతి పని గురించి. "ఇక మందులతో, ఆపరేషన్‌తో చూపు రాదు" అని డాక్టరు చెప్పాక ఆ మనిషి బతుకు ఆగిపోదు. తెల్లకర్రతో నడవడం, బ్రెయిలీ, మిగిలిన కాస్త చూపుతో భూతద్దం పెట్టుకుని చదవడం, ఇవన్నీ ఒకరు నేర్పాలి. రోడ్డు దాటించేటప్పుడు చూపులేనివాళ్ల చెయ్యి పట్టి లాగకూడదు. మన మోచేతికి కాస్త పైన వాళ్లనే పట్టుకోనిచ్చి, అరడుగు ముందు నడవాలి. ఇంత చిన్న విషయం కూడా శిక్షణతోనే వస్తుంది. ఇందుకు దృష్టిలోపంలో స్పెషల్ డీఎడ్, స్పెషల్ బీఎడ్ కోర్సులున్నాయి. చేరేముందు ఆ కాలేజీకి భారత పునరావాస మండలి గుర్తింపు ఉందో లేదో చూసుకోండి, అది లేని సర్టిఫికెట్‌తో ఆ మండలిలో రిజిస్ట్రేషన్ రాదు.

చూపు తగ్గినవాళ్లూ ఈ వ్యాసం చదివించుకుని వింటూ ఉండవచ్చు, వాళ్లకూ దారులున్నాయి. మచిలీపట్నం దగ్గరి ఊళ్లో పుట్టుకతోనే చూపులేని బొల్లా శ్రీకాంత్ బేగంపేటలోని దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివారు. ఇంటర్‌లో సైన్స్ గ్రూపు కోసం కోర్టుకెక్కి గెలిచారు, అమెరికాలో ఎంఐటీ చదువు ముగించి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. సర్కారు కొలువు కావాలనుకుంటే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్, అందులో 1 శాతం దృష్టిలోపం ఉన్నవారికి. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి, కాబట్టి దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి నోటిఫికేషన్ పడేదాకా ఆగకుండా ఇప్పుడే దరఖాస్తు చేయండి. వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్ పక్కనే మలక్‌పేటలో ఉంది. కంప్యూటర్ తెలిసినవాళ్లు తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ దించుకోండి, అది ఉచితం. వెబ్‌సైట్లు, యాప్‌లు చూపులేనివారికి పనికొస్తున్నాయో లేదో పరీక్షించే ఉద్యోగాలకు సాధన దానితోనే మొదలవుతుంది.