సంతకు వెళ్ళే సంచి



పలాస బజారులో పప్పుకొకటి, కూరలకొకటి తెచ్చుకొనే పల్చని కవర్లు గాలికీ వానకీ ఉద్దానం తీరానికి చేరగలవు. సముద్రపు తాబేళ్ళు వాటిని జెల్లీచేపలనుకొని మింగి చనిపోతుంటాయి. 120 మైక్రాన్లకన్న పల్చని ప్లాస్టిక్ సంచులను ప్రభుత్వం 2022 డిసెంబరు 31 నుండి నిషేధించింది.

అయితే గుడ్డలా కనిపించే రంగుల సంచి కూడ చాలావరకు ప్లాస్టికే. కొత్త నూలు సంచులు కొంటూ పోయినా మేలు లేదు. పత్తి పంటకు ఎంతో నీరు కావాలి. పాత ప్యాంటుతో ఇంట్లో కుట్టి, ఏళ్ళ తరబడి వాడే సంచే మిన్న. చేపలకు మూతగిన్నె పట్టుకెళ్ళండి.

ప్లాస్టిక్ మానుకోవడం వంటి చిన్న పనులు కూడ ప్రేమకార్యాలేనని ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో 'లౌదాతో సీ' విశ్వలేఖలో బోధించారు. దేవుడు తోటను మనకప్పగించినది కాపాడుటకే (ఆది. 2:15). ఆదివారం పూజకు వచ్చేటప్పుడే సంచి తెచ్చుకోండి. తిరుగుదారిలో బజారుకు పనికివస్తుంది.