టేకు మ్రానులో వానల పద్దు

ధాత కరవు, నందన కరవు అను మాటలు పెద్దల నోట మీరు వినియే యుందురు. మొదటిది 1876-78 నాటిది. రెండవది 1832-33లో గుంటూరు సీమను పాడుచేసినది. అంతకు ముందు ఎన్ని కరవులు వచ్చినవి? ఎన్నేసి ఏండ్లు నిలిచినవి? భారత వాతావరణ శాఖ ఏర్పడినదే 1875లో. అంతకు వెనుకటి వానలెక్కలు బహు కొద్ది చోట్ల మాత్రమే యున్నవి. ఈ కొరతను కొంతవరకు తీర్చగలది చెట్టు.

మన అడవులలోని టేకును చూడుడు. ఎండకాలమున ఆకు రాల్చి ఊరకుండును. తొలకరికి చిగిర్చి పెద్ద రంధ్రములుగల కొయ్యను, పిదప గట్టి కొయ్యను పెంచును. ఈ రెండును కలిసి ఒక యేటి వలయము. వానలు బాగుగా కురిసిన యేట అది వెడల్పగును, తప్పిన యేట సన్నగిల్లును. తాటికి, కొబ్బరికి ఇట్టి వలయములు లేవు. వాటి కాండముపై కనిపించునవి ఆకులు రాలిన మచ్చలు.

కొట్టిన సంవత్సరము తెలిసిన టేకు మోడు దొరికినచో చిత్రిక పట్టి, తడిపి, బెరడు నుండి లోపలికి మీరే లెక్కించి చూడవచ్చును. కాని ఒక్క మోడును నమ్మి కరవును నిర్ణయింపరాదు. ఆకు తినే పురుగు చెట్టును బోడిచేసిన యేట కూడ వలయము సన్నమే. ప్రక్క చెట్టు నీడ, కొమ్మలు నరుకుట, నిప్పు - ఇవన్నియు అంతే. వాన నడుమ చాలకాలము వెలితిపడి మరల కురిసినచో ఒకే యేట రెండు వలయములు పడినట్లు కనబడవచ్చును. అందుచేత శాస్త్రజ్ఞులు ఒక ప్రాంతములో అనేక చెట్లను తీసికొని వలయముల వరుసలను ఒకదానితో నొకటి సరిపోల్చుదురు. అన్నిటిలోను ఒకే యేట సన్నబడినచో అది ఒక చెట్టు జబ్బు కాదు, ఆ సీమకంతకు వచ్చిన కష్టము.

ఈ పద్ధతిని అమెరికాలోని ఆరిజోనాలో డగ్లస్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు ఏర్పరచెను. పాత ఇండ్ల దూలములను కూడ చేర్చి, 1276 నుండి 1299 వరకు అక్కడ గొప్ప అనావృష్టి కలిగెనని చూపెను.

ఇందుకు చెట్టును కొట్టనక్కరలేదు. బోలు బరమాతో పెన్సిలు కంటె సన్నని పుల్లను బెరడు నుండి నడిమి వరకు తీయుదురు. తరువాత వానలెక్కలు గల సంవత్సరములతో వలయములను సరిచూతురు. కొన్ని ఏండ్ల లెక్కలను విడిగా ఉంచి, వలయములు వానిని సరిగా చెప్పునో లేదో పరీక్షింతురు. ఆ పరీక్షకు నిలిచిన పిమ్మటనే వెనుకటి కాలమునకు పోవుదురు.

పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారు మన టేకుపై ఇట్టి పని చేసిరి. 2010లో ఎడ్వర్డ్ కుక్ మున్నగువారు ఆసియాలోని 300కు పైగా తావుల వలయములను కూర్చి పటములు వెల్లడించిరి. ధాత కరవు వాటిలో కనబడుచున్నది. 1756-68, 1790-96 నాటి దీర్ఘమైన అనావృష్టులును కనబడుచున్నవి. ఒక యేడు వాన తప్పిన చాలునట్లు గింజ, గడ్డి దాచుకొను మనకు ఈ ఏండ్ల లెక్క కొంచెము కలవరము కలిగింపక మానదు.

మీ యూరిలో పాత ఇల్లు విప్పునప్పుడు టేకు దూలము పొయ్యిలోనికి పోకముందు దాని బెరడు అంచు మిగిలియున్నదేమో చూడుడు. ఇల్లు కట్టిన సంవత్సరము, కలప తెచ్చిన అడవి తెలిసినవారి నడిగి వ్రాసియుంచుడు. ఈ వివరములు లేని దూలము ఈ పనికి అంతగా అక్కరకు రాదు.