ఇంటి మాట – బడి పాఠం

సిద్దిపేట జిల్లాలో లంబాడి తండాలు ఉన్నాయి. తండా పిల్లలు ఇంట్లో లంబాడి మాట్లాడతారు. అమ్మను ‘యాడి’ అంటారు. రొట్టెను ‘బాటి’ అంటారు. నీళ్లను ‘పాణి’ అంటారు.

పిల్ల బడికి పోతుంది. టీచరు “నీళ్లు” అంటుంది. ఆ మాట పిల్లకు కొత్త. జవాబు చెప్పదు. “ఈ పిల్లకు చదువు రాదు” అని కొందరు అనుకుంటారు. పిల్లకు తెలివి లేక కాదు, మాట తెలియక. ఇట్లాంటి పిల్లలు భయంతో బడి మానేస్తారు.

మరి ఏం చేయాలి?

నిజాం కాలంలో ఒక మంచి పని జరిగింది. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు ఎక్కువ. హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు వారి నడుమ ఉండి వారి బతుకు తెలుసుకున్నాడు. 1943లో మార్లవాయి గూడెంలో పంతుళ్ల శిక్షణ మొదలైంది. గోండు యువకులే పంతుళ్లు అయ్యారు. గోండి మాటలతో వాచకాలు తయారైనాయి. పిల్లలకు చదువు తమ సొంత మాటతో మొదలైంది.

2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఈ బాట పట్టింది. గోండి, కోయ, కొలామి, సవర, లంబాడి వంటి 8 భాషల్లో పుస్తకాలు వేసింది. మాట పిల్లలది, లిపి తెలుగుది. ముందు ఇంటి మాటతో చదువు. తర్వాత మెల్లమెల్లగా తెలుగు. ఇంటి మాట తెలుగుకు అడ్డం కాదు. అది నిచ్చెనకు మొదటి మెట్టు.

మాట ఒక్కటే కాదు, పండుగ కూడా పాఠమే. తీజ్ పండుగకు తండా ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. గింజ ఎట్లా మొలుస్తుందో వాళ్లు కళ్లారా చూస్తారు. బడిలో సైన్సు పాఠం కూడా అదే కదా! అద్దాల కుట్టుపనిలో లెక్క ఉంది, ఆకారాలు ఉన్నాయి.

2009 విద్యా హక్కు చట్టం కూడా ఇదే చెబుతుంది. వీలైనంత వరకు పిల్లల మాతృభాషలో చదువు చెప్పాలి.

అమ్మలారా! మీ కథలు, మీ పాటలు చదువుకు పనికొస్తాయి. బడికి పోండి. టీచరును కలవండి. “మా పిల్లలకు మా కథ ఒకటి చెబుతాం” అని అడగండి. తండా పిల్ల ధైర్యంగా నోరు విప్పుతుంది. పక్కన కూర్చున్న ఊరి పిల్ల కూడా కొత్త మాట నేర్చుకుంటుంది.

ఆలోచించండి – మాట్లాడండి

1. తండా పిల్ల బడిలో ఎందుకు జవాబు చెప్పలేదు?
2. మార్లవాయిలో ఎవరు పంతుళ్లు అయ్యారు?
3. మీ ఇంటి పాట, కథ, పండుగలో పిల్లలకు పాఠమయ్యేది ఏది? రాయండి.